‘వినిపిస్తాయి’ అన్న ఒక్క జవాబు

ప్రశ్న: మాది గాజువాక. మా తమ్ముడికి ఇప్పుడు 36 ఏళ్లు. 2011లో మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లిలో బ్యాండు మేళం, జనరేటరు చప్పుడు మధ్య చెవులు మూసుకుని, కేకలు వేస్తూ గోడకు తల బాదుకున్నాడు. మర్నాడు ఆసుపత్రిలో చేర్చాము. చెవిలో మాటలు వినిపిస్తాయా అని డాక్టరుగారు అడిగితే ‘వినిపిస్తాయి’ అన్నాడు. తనలో తాను మాట్లాడుకుంటాడని, ముఖంలో భావం ఉండదని, ఎవరితోనూ కలవడని కేసు షీటులో రాసి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, భ్రమలు ఉండే మానసిక వ్యాధి) అన్నారు. పద్నాలుగేళ్లుగా మాత్రలు మింగుతున్నాడు. ఇరవై కిలోలు పెరిగాడు, చేతులు వణుకుతాయి, పగలంతా మగత. డిప్లొమా పాసైనా ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. నిరుడు మా ఐదేళ్ల బాబుకు ఆటిజం అని తేలింది. అక్కడి డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు విని మా అమ్మ, ‘ఇవన్నీ మీ తమ్ముడికీ ఉండేవి కదే’ అంది. చిన్నప్పుడు మా నాన్న ప్రతి ఆదివారం వాడిని విశాఖ స్టేషనుకు తీసుకువెళ్లేవారు. హౌరా వైపు వెళ్లే రైళ్లకు ఇంజను ఇటునుంచి తీసి అటు తగిలించడం చూస్తూ గంటలు గంటలు నిలబడేవాడు. ఆ ప్రకటనలన్నీ కంఠతా వచ్చు. ఇప్పటికీ ఒంటరిగా ఉంటే వాటినే చెప్పుకుంటాడు. వాడిది మొదటినుంచీ ఆటిజమేనా? మాత్రలు ఆపేయవచ్చా? ఈ వయసులో తెలుసుకుని లాభమేమిటని మా వారు అంటున్నారు. మీరేమంటారు? – ఒక అక్క

సమాధానం: మీరు అడిగిన వాటిలో మాత్రల ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మిగిలినవి నెమ్మదిగా తేలినా నష్టం లేదు గానీ, దీనిలో పొరపాటు జరిగితే మనిషికే ప్రమాదం. మాత్రలు ఆపవద్దు. తగ్గించవద్దు, పూట దాటించవద్దు, సగం చేసి వేసి చూద్దామని అనుకోవద్దు. ఇన్నేళ్లుగా ఒంటికి అలవాటైన యాంటీసైకోటిక్ (స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు ఇచ్చే) మందులను ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, వాంతులు, కూర్చోలేక నిలబడలేక తిరగడం, తీవ్రమైన ఆందోళన రావచ్చు. వాటిని చూసి ఇంట్లోవాళ్లూ వైద్యులూ కూడా ‘జబ్బు తిరగబెట్టింది’ అనుకుంటారు, దాంతో పాత నిర్ధారణ మరింత గట్టిపడుతుంది. మందు మానడం వల్ల కలిగిన బాధను జబ్బుకు రుజువుగా లెక్కకట్టడం నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. మీ తమ్ముడికి ఆ కష్టం రాకూడదు.

ఇక మొదటి ప్రశ్న. ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయడం తగదు కాబట్టి ఆ పని నేను చేయను. అయితే మీ తమ్ముడి నిర్ధారణను మొదటినుంచీ మళ్లీ పరిశీలించవలసినంత బలమైన కారణాలు మీ ఉత్తరంలో ఉన్నాయని మాత్రం సంకోచం లేకుండా చెప్పగలను.

ఈ రెండింటినీ వేరుచేసి చూడటానికి వైద్యుడు మొదట అడగవలసింది, ఇది ఎప్పటినుంచి అని. స్కిజోఫ్రీనియా సాధారణంగా కౌమారం చివర్లోనో, ఇరవైల్లోనో, కొందరిలో ముప్పయి దాటాకో మొదలవుతుంది. అంతవరకు ఒక తీరుగా ఉన్న మనిషి మారిపోతాడు, చదువుతున్నవాడు చదువు వదిలేస్తాడు, స్నేహితులున్నవాడు గది తలుపు వేసుకుంటాడు, ‘వీడు మునుపటి మనిషి కాదు’ అని ఇంట్లోవాళ్లే అంటారు. ఆటిజం అలా ఒకనాడు వచ్చి పడేది కాదు. అది బాల్యం నుంచే ఉండే మెదడు తీరు. మనిషి పెరిగేకొద్దీ దాని రూపం మారుతుంది గానీ మొదలు మాత్రం చిన్నతనంలోనే కనిపిస్తుంది. మీ అమ్మగారు ‘మునుపటిలా లేడు’ అనలేదు, ‘ఇవన్నీ ఉండేవి’ అన్నారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన మాట అదే, పద్నాలుగేళ్ల కిందట ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదన్నదే నా బాధ.

ఇప్పుడు ఆ ‘వినిపిస్తాయి’ సంగతి చూద్దాం. మాటలు వినిపిస్తాయా అని మేము అడిగేటప్పుడు ఆ ప్రశ్నలో పైకి చెప్పని భాగం చాలా ఉంటుంది: చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా, ఏ చప్పుడూ లేకపోయినా, ఎవరో నీతోనో నీ గురించో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందా అని మా ఉద్దేశం. చాలామంది ఆ మిగతా భాగాన్ని తామే పూరించుకుని జవాబు చెబుతారు. ఆటిజం ఉన్నవారిలో అనేకులు అడిగిన మాటను అడిగినంతవరకే తీసుకుంటారు. చెవులున్న మనిషికి మాటలు వినిపించవా? పైగా మనం పట్టించుకోకుండా వదిలేసే చప్పుళ్లు అతని చెవిని వదలవు. ట్యూబులైటు గుయ్యిమనడం, ఫ్యాను బేరింగు కీచుమనడం, గోడ అవతల నర్సులు చెప్పుకునే మాటలు అన్నీ ఒకే స్థాయిలో వచ్చి మీద పడతాయి. అటువంటివాడు ‘వినిపించవు’ అంటే అబద్ధమాడినట్టు. అలాగే, నలుగురూ నీ గురించి చెప్పుకుంటున్నారనిపిస్తుందా అని కూడా అడిగే ఉంటారు, అది మా పరీక్షలో మామూలుగా అడిగే ప్రశ్నే. పెళ్లిపందిట్లో గోడకు తల బాదుకున్న మర్నాడు బంధువులందరూ నిజంగా అతని గురించే చెప్పుకుంటూ ఉండి ఉంటారు, కాబట్టి దానికి అవునని చెప్పినా అది భ్రమ అనిపించుకోదు.

స్టేషను ప్రకటనల విషయమూ అంతే. విన్న మాటలను విన్నట్టే, అదే రాగంతో తిరిగి చెప్పుకోవడం ఆటిజంలో తరచుగా కనిపించేదే, పెద్దవాళ్లలో కొందరికి అది మనసును కుదుటపరుచుకునే మార్గం. గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరును అంకె అంకెగా పలికే ఆ గొంతు అతనికి చిన్ననాటి ఆదివారాన్ని, నాన్న చెయ్యి పట్టుకుని నిలబడిన ప్లాట్‌ఫారాన్ని తెచ్చి ఇస్తుందేమో, ఎవరు చెప్పగలరు? లేని గొంతులు వినిపించే మనిషి మాట్లాడుకునే తీరు సాధారణంగా వేరుగా ఉంటుంది. మధ్యలో ఆగి వింటున్నట్టు ఉంటాడు, అవతలివాళ్లకు బదులు చెబుతున్నట్టు ఉంటాడు, మాటలు ప్రతిసారీ మారుతుంటాయి, చాలాసార్లు వాటిలో భయమో కోపమో ఉంటుంది. ఒక వారం రోజులు శ్రద్ధగా గమనించి, అతను చెప్పుకునేవి ఏమిటో, ఎప్పుడు చెప్పుకుంటాడో, ఆ తర్వాత నెమ్మదిస్తాడో కలత చెందుతాడో రాసి పెట్టండి. చాటుగా రికార్డు చేయవద్దు, అతనికి చెప్పి రాయండి.

ముఖంలో భావం లేదన్న మాట విషయంలో కూడా తొందరపడకూడదు. స్కిజోఫ్రీనియాలో ముఖం ఉదాసీనంగా మారుతుంది, ఆటిజంలో లోపల ఎంత ఉన్నా ముఖం మీదికి రాకపోవచ్చు, ఈ మందులే ముఖ కండరాలను బిగదీసి అదే రూపం తెస్తాయి. ఒక్క పూట ఎదురుగా కూర్చోబెట్టి చూస్తే ఈ మూడింటినీ విడదీయడం ఎంత అనుభవమున్నవారికైనా కష్టం.

ఈ పొరపాటు ఎంత సులభంగా జరుగుతుందో చెప్పడానికి నా సంగతి ఒకటి దాచకుండా రాస్తున్నాను. చాలా ఏళ్ల కిందట ముప్పయ్యేళ్లు దాటిన ఒక ఉద్యోగిని నా దగ్గరికి వచ్చేది. ఉన్నట్టుండి ఏడుపు, అరుపులు, చేతిలో ఉన్నది విసిరికొట్టడం, ఆ తర్వాత రెండు రోజులు మాట పలుకు లేకుండా పడుకోవడం. నేను బైపోలార్ (కొన్నాళ్లు ఉత్సాహం మితిమీరి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు) అని రాసి, మూడేళ్లు దానికే మందులిచ్చాను. ఒకరోజు ఆమె లెక్కల పుస్తకంలోని గళ్ల కాగితం ఒకటి తెచ్చి బల్లమీద పరిచింది. నెలలోని రోజులన్నీ అడ్డంగా, గంటలు నిలువుగా; కోపం వచ్చిన ప్రతిసారీ ఎర్ర పెన్సిలుతో ఒక గడి నింపింది. ఏ ఎరుపూ మూడు గడులు దాటలేదు. ప్రతి ఎరుపుకూ పక్కన సన్నని అక్షరాలతో కారణం ఉంది: ‘ఆఫీసులో బల్ల మార్చారు’, ‘చెప్పకుండా చుట్టాలు వచ్చారు’, ‘పక్కింట్లో డ్రిల్లింగు’. మేనియా, అంటే బైపోలార్‌లో ఉత్సాహం మితిమీరే దశ అనాలంటే, కనీసం వారం పాటు మనిషి మొత్తంగా మారి ఉండాలి, చాలామందిలో నిద్ర అవసరమే తగ్గిపోతుంది. రెండు మూడు గంటల్లో చల్లారే ఈ ఉప్పెన అది కాదు. పాఠంలో నేను చదువుకున్నదే, అయినా ఆ కాగితం కళ్లముందు పెట్టేదాకా ఆమెది ఆటిజం కావచ్చని నాకు తట్టలేదు. ఆడవాళ్ల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ, చిన్నప్పటినుంచి ‘అందరిలా ఉండు’ అని నేర్పినదాన్ని అతి కష్టం మీద నటిస్తూ నెట్టుకొస్తారు కాబట్టి, బయటపడిన ఆ కాసేపటి బాధకు మేము బైపోలార్ అనో, వ్యక్తిత్వ లోపం అనో పేరు పెట్టి పంపేస్తాము.

మీ తమ్ముడిని చూసిన వైద్యుల మీద మీకు కోపం రావడం సహజం, దాన్ని దిగమింగుకోమని నేను అనను. అయితే ఇందులో వారి ఒక్కరి అజాగ్రత్త కంటే వైద్యశాస్త్రం నడిచివచ్చిన దారి ఎక్కువ ఉంది. ఆటిజం అన్న మాటే స్కిజోఫ్రీనియా కడుపున పుట్టింది. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు బ్లాయిలర్ 1911లో ఆ మాటను వాడింది స్కిజోఫ్రీనియా రోగులు తమ లోకంలోకి ముడుచుకుపోవడాన్ని చెప్పడానికి. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసి ఇది వేరే స్థితి అని చూపించిన తర్వాత కూడా, 1968 నాటి అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఆటిజం లక్షణాలున్న పిల్లలను బాల్య స్కిజోఫ్రీనియా పద్దులోనే వేసింది. 1980లో గానీ వాటిని విడదీయలేదు. తెలివితేటలు, మాటలు బాగానే ఉన్నవారికి కూడా ఇది ఉండవచ్చన్న సంగతి అధికారిక జాబితాల్లోకి 1990లలో ఎక్కింది, చప్పుళ్లను, వెలుతురును, బట్టల ఒరిపిడిని భరించలేకపోవడాన్ని నిర్ధారణ లక్షణాల్లో చేర్చింది 2013లో. అంటే మీ తమ్ముడిని ఆసుపత్రిలో చేర్చిన నాటికి, అతని జీవితంలో అన్నిటికంటే స్పష్టమైన లక్షణం మేము చూసుకునే ఆ జాబితాలోనే లేదు. ఆటిజం అంటే మాటలు రాని పసిపిల్లవాడు అని చదువుకున్న తరానికి, డిప్లొమా పాసైన యువకుడిలో అది కనిపించడం కష్టమే.

అయినా ఇంకొక సంగతి చెప్పకపోతే నేను తప్పు చేసినవాడినవుతాను. ఆటిజం ఉన్నంత మాత్రాన మానసిక వ్యాధి ఉండదని కాదు. ఆటిజం ఉన్నవారిలో ఆందోళన, కుంగుబాటు చాలా ఎక్కువ, సైకోసిస్ (లేనివి వినిపించే, భ్రమలను నిజమని నమ్మే స్థితి) కూడా ఇతరుల కంటే ఎక్కువగానే వస్తుంది. మీ తమ్ముడికి రెండూ ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు, లేదా పాత నిర్ధారణే సరైనదని తేలవచ్చు. ఇంటర్నెట్టులో దొరికే ప్రశ్నావళులు నింపి మార్కులు చూసి నిర్ణయానికి రాకండి. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి కూడా వాటిలో ఎక్కువ మార్కులే వస్తాయి. రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ దీన్ని తేల్చలేదు. తేల్చేది బాల్యం. ఆ బాల్యం ఇప్పుడు మీ అమ్మగారి జ్ఞాపకంలో ఉంది కాబట్టి, ఆమె ఆరోగ్యంగా ఉండగానే దాన్ని కాగితం మీదికి తేవడం మీరు చేయవలసిన మొదటి పని.

ఒక నోటుపుస్తకం తీసుకుని అమ్మగారి పక్కన కూర్చోండి. ‘మొండివాడు’, ‘బుద్ధిమంతుడు’ వంటి మాటలు రాయకండి, జరిగినది జరిగినట్టు రాయండి. మొదటి మాట ఎన్నో నెలలో అన్నాడు, చందమామను చూసి వేలు చూపించి అమ్మను కూడా చూడమనేవాడా, వీధిలో పిల్లలతో ఆడేవాడా లేక వాళ్ల పక్కన విడిగా ఆడేవాడా, సైకిలు తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చునేవాడా, అన్నంలో పప్పు ఎవరైనా కలిపితే తినకుండా లేచిపోయేవాడా, దసరాకు కొన్న కొత్త చొక్కా మెడ దగ్గర గుచ్చుతోందని చింపేశాడా, బస్సు మామూలు దారిలో కాక వేరే దారిలో వెళ్తే ఏం చేసేవాడు. పాత ప్రోగ్రెస్ కార్డుల మీద మాస్టార్లు రాసిన ఒక్క ముక్క కూడా పనికివస్తుంది. ఈ పని మొదలుపెట్టగానే అమ్మగారు ‘నేనే సరిగ్గా చూసుకోలేదేమో’ అని కన్నీళ్లు పెట్టుకోవచ్చు. తల్లి ప్రేమ చాలకపోవడం వల్ల ఆటిజం వస్తుందని ఒకప్పుడు వైద్యులే అన్నమాట నిజం, అది తప్పని 1977లో ఇంగ్లండులో కవలల మీద జరిగిన అధ్యయనం నాటికే రుజువైంది. ఇది చాలావరకు వంశంలో వచ్చేదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. మీ బాబును, మేనమామను పక్కపక్కన చూస్తే ఆమెకే అర్థమవుతుంది.

ఆ తర్వాత పాత కాగితాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన వైద్య రికార్డులు పొందే హక్కు రోగికి ఉంది కాబట్టి, కేసు షీటు, డిశ్చార్జి సమ్మరీ నకళ్లు ఇవ్వమని మీ తమ్ముడి సంతకంతో అర్జీ పెట్టండి. వీటన్నిటితో ముందుగా ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారి దగ్గరికే వెళ్లండి. వైద్యుడిని ప్రశ్నించడమంటే ధిక్కారమన్న జంకు మనవాళ్లకు ఉంటుంది. ‘మా బాబుకు ఆటిజం అని తేలింది, తమ్ముడి చిన్నతనం ఇలా ఉండేది, మీరు మరోసారి పరిశీలిస్తారా?’ అని అడగండి, మంచి వైద్యుడెవరూ దీనికి నొచ్చుకోడు. నొచ్చుకుంటే మరొకరిని చూడండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. హైదరాబాదులో ఎర్రగడ్డ అన్నట్టే మన దగ్గర ఆ పేరును తిట్టుగా వాడి, అవసరమున్నవాళ్లను కూడా గుమ్మం తొక్కకుండా చేశాం, దానికి సిగ్గుపడవలసింది తిట్టినవాళ్లే. పెద్దవాళ్లలో ఆటిజం పరీక్షించే అనుభవం ఇక్కడ దొరకకపోతే బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు రాయించుకుని వెళ్లవచ్చు. మీరు ఎటూ తోచక ఉన్నప్పుడు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు.

పరీక్ష ఏమి తేల్చినా సరే, ఒక పని ఈ నెలలోనే జరగాలి. ఇరవై కిలోల బరువు, వణుకు, మగత అన్నవి భరించి ఊరుకోవలసినవి కావు. పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్, రక్తపోటు చూపించి, ఈ మూడు బాధలనూ డాక్టరుగారికి విడివిడిగా చెప్పండి. మందు మార్చడమో, మోతాదు సవరించడమో ఆయన చేయగలరు. ఒకవేళ స్కిజోఫ్రీనియా లేదని తేలినా మందులు దిగడం నెలల పని, ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా, ఇంట్లో పెళ్లిళ్లు, ఇల్లు మారడాలు లేని కాలం చూసుకుని జరగాలి. వరుసగా రెండు రాత్రులు నిద్రపోకపోయినా, మీరు అన్నంలో ఏదో కలిపారని అనుమానించినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

జబ్బు పేరు మారితే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ పోతుందేమోనన్న భయం మీరు రాయలేదు గానీ చాలా ఇళ్లలో ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక వ్యాధీ ఉంది, ఆటిజమూ ఉంది, ఉద్యోగాల్లో రిజర్వేషన్ విషయంలో రెండూ ఒకే వాటా (ఒక శాతం) కిందికి వస్తాయి. రిజర్వేషన్‌కు కావలసింది కనీసం నలభై శాతం వైకల్యం, అది మెడికల్ బోర్డు చూసుకుంటుంది.

లాభమేమిటని అడిగిన మీ వారికి నేను ఇలా చెబుతాను. ఉద్యోగాలు ఎందుకు నిలవలేదో ఇంతవరకు మీ అందరికీ తెలిసిన కారణం ‘వాడికి జబ్బు’ అన్నది ఒక్కటే. ఆటిజం అని తేలితే, ఏ ఉద్యోగంలో ఏ చప్పుడు, ఏ మార్పు, ఎవరి గుంపు అతన్ని తరిమేసిందో వెతకవచ్చు; మూల బల్ల, చెవులకు హెడ్‌ఫోను, నోటిమాటగా కాక కాగితం మీద రాసి ఇచ్చిన పని, వీటితో నిలబడగల ఉద్యోగం ఒకటి ఉండవచ్చు. పెళ్లికి పిలిస్తే తాళి కట్టే వేళకు వెళ్లి అక్షింతలు వేసి వచ్చేయవచ్చు, ఎవరూ తప్పుపట్టకుండా. పైగా మీ ఇంట్లో ఐదేళ్ల బాబు ఉన్నాడు. వాడు ఎందుకు చెవులు మూసుకుంటున్నాడో మాటల్లో చెప్పగలిగిన మనిషి మీ కుటుంబంలో ఒక్క మేనమామే.

ఇదంతా మీరు, అమ్మగారు, నేను మాట్లాడుకుంటున్నాము. మీ తమ్ముడు 36 ఏళ్ల మనిషి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే ముందు అతనికి విషయం చెప్పి, ఇష్టమో కాదో అడగండి. ఉదయం మొదటి నంబరు తీసుకోండి, హాలులో జనం నిండకముందే పని అవుతుంది. ఆ ముందురోజు అతనికి ఒక తెల్లకాగితం ఇచ్చి, పైన మీ చేత్తో ఒక ప్రశ్న రాయండి: ‘2011లో ఆసుపత్రిలో మాటలు వినిపిస్తాయా అని అడిగినప్పుడు నీకు ఏమేమి వినిపించేవి?’ పక్కన కూర్చోకండి, తొందరపెట్టకండి. అతను రాసినది చదివినా చదవకపోయినా, ఆ కాగితాన్ని కేసు షీటు మీద పెట్టి డాక్టరుగారికి ఇవ్వండి.